సంక్రాంతి దాకా ఆగాలా, ట్యాబ్ ఇప్పుడే కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయి సెప్టెంబరులో సీఏ ఫౌండేషన్ (చార్టర్డ్ అకౌంటెన్సీలో మొదటి మెట్టు) పాసైంది. రెండో మెట్టు సీఏ ఇంటర్‌కు ఈ నెలలోనే రిజిస్టర్ చేయిస్తున్నాం. వచ్చే సెప్టెంబరులో రెండు గ్రూపులూ రాస్తానంటోంది. మూడు సబ్జెక్టులు ఇక్కడే కోచింగ్‌లో, మిగతా మూడు ఆన్‌లైన్ లెక్చర్లతో చదవాలని అనుకుంటోంది. ఇప్పుడు డెమో క్లాసులు ఫోన్‌లో చూస్తుంటే సాయంత్రానికి తలనొప్పి, కళ్ల మంట. ట్యాబ్ కొందామంటే ఇంట్లో తలో మాట. లక్ష్మీపురంలో షాపతను ధరలు పెరిగిపోతున్నాయి, ఈ వారమే తీసుకోండి అన్నాడు. విజయవాడ కానూరులో బీటెక్ చదివే మా అబ్బాయి జనవరి సేల్ దాకా ఆగమంటున్నాడు. మా తమ్ముడు సంక్రాంతికి అమెరికా నుంచి వస్తూ ఐప్యాడ్ తెస్తానంటున్నాడు. అన్నీ కలిపి 35 వేలు దాటకూడదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కొరిటెపాడు, గుంటూరు (2025 డిసెంబరు)

సమాధానం: ముగ్గురూ ధర గురించే మాట్లాడుతున్నారమ్మా. అంతకంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. మీ అమ్మాయి కొనబోయే ఆ మూడు సబ్జెక్టుల లెక్చర్లు ఏ పరికరంలో ఆడతాయి? సీఏ లెక్చర్లు యూట్యూబ్ వీడియోల్లా ఎక్కడపడితే అక్కడ తెరుచుకోవు. కాపీ కొట్టకుండా తాళం వేసిన ప్లేయర్ యాప్‌లో మాత్రమే నడుస్తాయి. ఆ యాప్ కొందరు ఫ్యాకల్టీకి ఆండ్రాయిడ్‌లోనూ విండోస్‌లోనూ ఉంటుంది. కొందరికి విండోస్ ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఐప్యాడ్‌కు యాప్ ఇచ్చేవాళ్లు ఉన్నారు, ఇవ్వనివాళ్లూ ఉన్నారు. ఇది తేలకుండా ట్యాబ్ కొంటే, 35 వేల పలక ఇంట్లో ఉండి కూడా పిల్ల మళ్లీ ఫోన్లోనే క్లాసులు చూడాల్సి వస్తుంది.

అందుకే మీరు ఆగాల్సింది సేల్ కోసం కాదు, లెక్చర్ల సంగతి తేలేదాకా. అది రెండు మూడు రోజుల పని. మూడు సబ్జెక్టులూ ఒకే చోట కొనకపోవచ్చు కాబట్టి ముగ్గురు అమ్మకందారులకూ విడివిడిగా ఫోన్ చేయించండి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో ఆడుతుందా, ఐప్యాడ్‌లో ఆడుతుందా అని అడగాలి. ‘మొబైల్‌లో వస్తుంది’ అనే జవాబుతో సరిపెట్టుకోవద్దు, ట్యాబ్ అని పేరు పెట్టి అడగండి. ఒక లైసెన్సు ఎన్ని పరికరాలకు? మొదట ఫోన్‌లో యాక్టివేట్ చేసి తర్వాత ట్యాబ్‌కు మార్చుకోవచ్చా, అందుకు డబ్బు కట్టాలా? ఇది చాలామంది చివర్లో తెలుసుకునే సంగతి. ఎక్కువ లైసెన్సులు ఒకే పరికరానికి కట్టేసి ఉంటాయి. తొందరపడి ఫోన్‌లో యాక్టివేట్ చేస్తే, ట్యాబ్ వచ్చాక మార్చమని వాళ్ల వెంట పడాల్సి వస్తుంది. కాబట్టి లెక్చర్లకు డబ్బు కట్టినా, ట్యాబ్ చేతికి వచ్చేదాకా యాక్టివేషన్ కీ (లైసెన్సు కోడ్) ఎక్కించవద్దని అమ్మాయికి చెప్పండి. డౌన్‌లోడ్ చేసిన వీడియోలు మెమరీ కార్డులోకి వెళ్తాయా, ట్యాబ్ లోపలి స్టోరేజీలోనే ఉండాలా అన్నది ఇంకో ప్రశ్న. జవాబులు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. రేపు తేడా వస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ముగ్గురిలో ఒక్కరు ‘విండోస్ మాత్రమే’ అన్నా ట్యాబ్ మాట పక్కన పెట్టండి. మీ అబ్బాయి ల్యాప్‌టాప్ అతనికే కావాలి, వారం వారం గుంటూరు–విజయవాడ మధ్య తిప్పడం కుదరదు. ఆ డబ్బుతో మామూలు ల్యాప్‌టాప్ తీసుకోవడమే మేలు. సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ అయ్యాక రెండేళ్ల ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర పని నేర్చుకునే శిక్షణ) ఉంటుంది. అక్కడ ఎక్సెల్, ట్యాలీ పనికి ఎలాగూ ల్యాప్‌టాప్ కావాలి.

ఇంకొక మాట. తలనొప్పికి ఫోన్ ఒక్కటే కారణమని తేల్చేయకండి. ముందు కళ్ల డాక్టరుకు చూపించండి. సైటు వచ్చి ఉంటే ఎంత పెద్ద ట్యాబ్ కొన్నా తలనొప్పి తగ్గదు.

ఫోన్ వల్ల ఇబ్బంది ఉన్న మాట మాత్రం నిజమే, లెక్క వేసి చూడండి. ఫ్యాకల్టీ ఇచ్చే నోట్సు పీడీఎఫ్‌లు ఎక్కువగా ఏ4 పేజీలు, వెడల్పు 210 మిల్లీమీటర్లు. 6.6 అంగుళాల ఫోన్ నిలువుగా పట్టుకుంటే స్క్రీన్ వెడల్పు 69 మిల్లీమీటర్లు, అంటే మూడో వంతు. 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్లంత కనిపిస్తుంది, మందు సీసా లేబుల్ మీద చిన్నక్షరాల్లాగా. 8.7 అంగుళాల చిన్న ట్యాబ్‌లో అదే అక్షరం 6.5 పాయింట్లు, 11 అంగుళాల ట్యాబ్‌లో ఎనిమిదిన్నర. అందుకే ‘చిన్నది చాలులే, చవక’ అన్న ఆలోచన ఈ పనికి పనికిరాదు. వీడియో సంగతి ఇంకా తేలిక. ఫోన్ అడ్డంగా తిప్పినా బోర్డు 122 మిల్లీమీటర్ల వెడల్పు, 69 మిల్లీమీటర్ల ఎత్తులోనే కనిపిస్తుంది. 11 అంగుళాల ట్యాబ్‌లో 237 వెడల్పు, 133 ఎత్తు. అటూ ఇటూ దాదాపు రెట్టింపు.

స్క్రీన్ ఆకారం కూడా చూడాలి, షాపుల్లో ఎవరూ చెప్పరు. ఏ4 పేజీ పొడవు వెడల్పుకు 1.41 రెట్లు. సినిమాలకు బాగుండే 16:10 స్క్రీన్ 1.6 రెట్లు, కాబట్టి నిలువుగా పేజీ పెడితే పైనా కిందా కొంత ఖాళీ పోతుంది, వెడల్పు తగ్గుతుంది. ఐప్యాడ్ 1.44, షావోమీ ప్యాడ్ 7 ఒకటిన్నర. ఈ రెండిటిలోనూ పేజీ వెడల్పు ఒక సెంటీమీటరు ఎక్కువ వస్తుంది. పెద్ద తేడాలా అనిపించదు కానీ రోజుకు ఐదారు గంటలు చదివే కంటికి తెలుస్తుంది. అయితే 16:10 తీసుకున్నవాళ్లకూ ఉపాయం ఉంది. కొన్ని పీడీఎఫ్ యాప్‌లలో అంచులు కత్తిరించి చూపే క్రాప్ ఏర్పాటు ఉంటుంది. పేజీకి రెండు పక్కలా అంగుళం మార్జిన్ ఉంటే, అది తీసేశాక 11 అంగుళాల తెర మీద 12 పాయింట్ల అక్షరం 11 పాయింట్ల దాకా వస్తుంది. చేతిరాత స్కాన్ నోట్సులో మార్జిన్ తక్కువ కాబట్టి అంత లాభం ఉండదు.

స్పష్టత విషయంలో 1920 × 1200 పిక్సెళ్లకు తగ్గవద్దు. పది వేల దరిదాపుల్లో దొరికే 10.1 అంగుళాల ట్యాబ్‌లలో చాలావాటికి 1280 × 800 ఉంటుంది, అంగుళానికి 149 పిక్సెళ్లే. సినిమాకు సరే, బ్యాలెన్స్ షీట్ ఫుట్‌నోట్ల దగ్గర అక్షరాలు పలచబడి మసకగా ఉంటాయి. ఆ ధరలో ర్యామ్ కూడా 4 జీబీ దగ్గర ఆగుతుంది, స్టోరేజీ ఈఎంఎంసీ రకం, నెమ్మది. లెక్చర్ ఆపి పీడీఎఫ్ తెరిచి, మళ్లీ లెక్చర్‌కు వచ్చేసరికి యాప్ మొదటి నుంచి లోడ్ అవుతుంది. వీడియో ఎక్కడ ఆపిందో వెతుక్కోవాలి. లెక్చర్లకు ఇన్ని ‘వ్యూస్’ (ఇన్నిసార్లే చూడాలి) అని పరిమితి ఉన్నప్పుడు ఇది ఒట్టి చికాకుతో పోదు, లెక్కలో వ్యూస్ కూడా తరుగుతాయి. కనీసం 6 జీబీ, వీలైతే 8.

స్టోరేజీ ఎంత? యాప్‌లో గంట లెక్చర్‌కు 400 ఎంబీ అనుకోండి. 150 గంటల సబ్జెక్టు ఒక్కటే 60 జీబీ. 128 జీబీ ట్యాబ్‌లో సిస్టమ్ తినగా దాదాపు 100 మిగులుతుంది, అంటే ఒక సబ్జెక్టు పూర్తిగా, రెండోది సగానికి పైగా. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే పది పది క్లాసులు డౌన్‌లోడ్ చేసుకుని, చూసినవి తీసేసుకుంటూ పోవచ్చు, 128 చాలు. మెమరీ కార్డు మీద ఆశ పెట్టుకునే ముందు పైన చెప్పిన ప్రశ్నకు జవాబు రానివ్వండి. చాలా లెక్చర్ యాప్‌లు కార్డులోకి దించనివ్వవు. కార్డు నోట్సు, పీడీఎఫ్‌లు, పాత ప్రశ్నపత్రాలకు పనికొస్తుంది.

పెన్ను సంగతి. ట్యాబ్ కొంటే లెక్కలన్నీ దాని మీదే చేసేయవచ్చనే ఊహ పిల్లలకు ఉంటుంది. సీఏ కోర్సు నడిపే సంస్థ ఐసీఏఐ పెట్టే పరీక్ష కాగితం మీద, మూడు గంటలు, బాల్‌పెన్నుతో. అకౌంట్స్ ఫార్మాట్లు, వర్కింగ్ నోట్సు లాంగ్ నోట్‌బుక్కులో రాయకుండా గాజు మీద రాసి అలవాటైతే వేగం పడిపోతుంది. ట్యాబ్ పెన్నును పీడీఎఫ్ మీద గీతలు గీయడానికి, పక్కన ముక్కలు రాసుకోవడానికి, ఆర్‌టీపీ, ఎంటీపీలలో (ఐసీఏఐ ఇచ్చే రివిజన్, మాక్ టెస్ట్ పేపర్లలో) తప్పులు గుర్తు పెట్టుకోవడానికి వాడనివ్వండి. ఆ మాత్రానికి ఖరీదైన పెన్ను అక్కర్లేదు, కానీ అరచేయి స్క్రీన్ మీద ఆనించి రాయగలిగేది కావాలి. రెండు వందలకు దొరికే రబ్బరు మొన పెన్ను వేలితో సమానం. చేయి ఆనితే అడ్డంగా గీతలు పడతాయి.

పెన్ను కొనేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఇంకొకటి. శాంసంగ్ ఎస్ పెన్‌తో రాయడానికి బ్యాటరీ అక్కర్లేదు. స్క్రీన్ కింద ఉండే ప్రత్యేకమైన పొర దాన్ని గుర్తుపడుతుంది. ఆ పొర లేని ట్యాబ్‌కు, ఉదాహరణకు గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్‌కు, ఎస్ పెన్ విడిగా కొని పెట్టినా ఒక్క చుక్క కూడా పడదు. ‘శాంసంగ్ ట్యాబే కదా, పెన్ను తర్వాత కొనుక్కోవచ్చు’ అని షాపులో అంటే నమ్మొద్దు. డబ్బాలో పెన్ను వచ్చేదే తీసుకోండి, లేదా ఆ మోడల్ పేరుతో కంపెనీ అమ్మే పెన్ను ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు షాపతను, మీ అబ్బాయి, మీ తమ్ముడు చెప్పిన మాటలకు వద్దాం.

షాపతని మాటలో నిజం ఉంది. ర్యామ్, స్టోరేజీ చిప్‌ల ధరలు 2025 చివర్లో బాగా ఎక్కాయి. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే ప్రపంచంలో ర్యామ్‌లో సింహభాగం తయారు చేస్తాయి. ఏఐ సర్వర్లకు వేసే మెమరీలో లాభం ఎక్కువ కాబట్టి ఉత్పత్తి అటు మళ్లింది. మైక్రాన్ అయితే మామూలు కొనుగోలుదారులకు క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు డిసెంబరు 3న ప్రకటించింది. ట్యాబ్ తయారీ ఖర్చులో మెమరీ పెద్ద వాటా. కొత్తగా తయారయ్యే సరుకుకు ఈ భారం పడుతుంది, పాత ధరకు తెచ్చిపెట్టుకున్న సరుకుకు పడదు. కాబట్టి ‘ఎలక్ట్రానిక్ వస్తువు ఆగినకొద్దీ చవకవుతుంది’ అనే పాత లెక్క ఈసారి గట్టిగా నమ్మదగ్గది కాదు. అయితే ఈ వారమే అన్నది అతని తొందర, మీది కాదు. వారం పది రోజుల్లో కొంపలేమీ మునగవు.

జీఎస్టీ తగ్గుతుందని ఎవరైనా ఆగమంటే అది కూడా వినొద్దు. 2025 సెప్టెంబరు 22న పన్ను శ్లాబులు మార్చినప్పుడు ఏసీలు, పెద్ద టీవీలు 28 నుంచి 18 శాతానికి వచ్చాయి. ట్యాబ్‌లు ముందూ 18 శాతమే, ఇప్పుడూ అంతే.

మీ అబ్బాయి చెప్పిన జనవరి సేల్ నిజంగానే వస్తుంది, రిపబ్లిక్ డే పేరుతో ఏటా పెడతారు. 30 వేల ట్యాబ్ మీద బ్యాంకు కార్డు తగ్గింపుతో కలిపి రెండు మూడు వేలు మిగలవచ్చు, మిగలకపోవచ్చు. ఆ తగ్గింపు ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డుకే ఉంటుంది. మీ ఇంట్లో ఆ కార్డు ఉందా అన్నది ముందు ప్రశ్న. కొట్టేసి చూపించే ఎమ్మార్పీని చూసి తగ్గింపు లెక్క వేయొద్దు. ఆ ధరకు ఆ వస్తువు ఎన్నడూ అమ్మి ఉండకపోవచ్చు. అమెజాన్‌లో గత నెలల ధరల గీత చూడాలంటే కీపా అనే సైటు ఉంది, మీ అబ్బాయిని చూడమనండి. ‘నో కాస్ట్ ఈఎంఐ’ కూడా పూర్తిగా ఉచితం కాదు. 30 వేలకు ఆరు నెలలు, బ్యాంకు వడ్డీ 16 శాతం అనుకుంటే, వడ్డీని తగ్గింపుగా ఇచ్చేసినా దాని మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, అది 240 పైమాటే. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద పన్ను. మొత్తం ఒక 480 దాకా పోతుంది.

ఆగడానికీ ఒక ఖరీదు ఉంది. మీ అమ్మాయికి సెప్టెంబరు పరీక్షకు చేతిలో ఉన్నది ఎనిమిది నెలల పైన కొద్ది రోజులు. ఆరు పేపర్లు. సేల్ దాకా అంటే అందులో ఐదు వారాలు తలనొప్పితో ఫోన్‌లోనే. రెండు వేల కోసం అది గిట్టుబాటు కాదనే చెబుతాను. లెక్చర్లు ఎలాగూ జనవరి చివర్లోనే మొదలవుతాయంటే, అప్పుడు మీ అబ్బాయి మాటే సరైనది. వాడని ట్యాబ్‌ను అలమరలో పెట్టి వారంటీ కరిగించడం ఎందుకు?

‘కొత్త మోడల్ వస్తుంది, ఆగు’ అనేవాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. పదో తరం ఐప్యాడ్ 2022 అక్టోబరులో 44,900కు వచ్చింది. 2024 మే నాటికి కంపెనీయే 34,900కు దించింది. పదివేలు తగ్గడానికి 19 నెలలు పట్టింది. నెలకు దాదాపు 525 రూపాయల చొప్పున మిగుల్చుకోవడానికి ఒక చదువు మొత్తం ఆపుకోవాలన్న మాట. ఆ తర్వాతి మోడల్ 2025 మార్చిలో వచ్చింది. అంతకు ముందువి 2021 సెప్టెంబరు, 2022 అక్టోబరు. నెలల్లో ఒక క్రమం లేదు, పంచాంగం చూసి చెప్పేది కాదు.

మీ తమ్ముడి ఐప్యాడ్ లెక్క ఇది. ఏ16 చిప్ ఐప్యాడ్ 128 జీబీ అమెరికాలో 349 డాలర్లు. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలకు చేరింది కాబట్టి 31,400. పైన ఆ రాష్ట్రం అమ్మకపు పన్ను వేస్తే 33, 34 వేలు అవుతుంది. ఇక్కడ కంపెనీ ధర 34,900. తేడా ఏమీ లేదు! థ్యాంక్స్‌గివింగ్ సేల్‌లో అక్కడ 300 డాలర్లలోపు అమ్మారు. ఆయన అప్పుడే కొని పెట్టి ఉంటే అది వేరే కథ, 27, 28 వేలలో పడుతుంది. మంచి వస్తువే, ఎన్నో ఏళ్లు నడుస్తుంది. కానీ మూడు సంగతులు చూసుకోండి. లెక్చర్ యాప్ ఐప్యాడ్‌లో ఉండి తీరాలి. మెమరీ కార్డు పెట్టే చోటు లేదు. పెన్ను డబ్బాలో రాదు. యాపిల్ యూఎస్‌బీ–సీ పెన్సిల్ ఇక్కడ 7,900, ఐప్యాడ్‌తో కలిపితే 42,800. మీ గీత దాటిపోయింది. అరచేయి ఆనించినా పనిచేసే వేరే కంపెనీల పెన్సిళ్లు రెండు వేల చుట్టుపక్కల దొరుకుతాయి, గుర్తులు పెట్టుకోవడానికి అవి చాలు. ఆయన తేవడమే ఖాయమైతే వైఫై మోడలే తెమ్మనండి, బిల్లు పారేయవద్దని చెప్పండి. శాంసంగ్ లాంటివి మాత్రం అక్కడి నుంచి వద్దు. వారంటీ కొన్న దేశంతోనే ముడిపడి ఉంటుంది.

ఇక నా మాట. లెక్చర్లు ముగ్గురివీ ఆండ్రాయిడ్‌లో ఆడతాయని తేలితే శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్10 లైట్, 6 జీబీ – 128 జీబీ, వైఫై మోడల్ ఇప్పుడే తీసుకోండి. 2025 సెప్టెంబరులో 30,999 ధరతో వచ్చింది. 10.9 అంగుళాలు, 2112 × 1320 పిక్సెళ్లు, ఎస్ పెన్ డబ్బాలోనే, మెమరీ కార్డుకు చోటుంది. వెయ్యి రూపాయల కవరు, అయిదు వందల గ్లాసు, వెయ్యికో పదమూడు వందలకో చార్జర్ వేసుకున్నా 34 వేలు దాటదు. చదవడమే ముఖ్యం, పెన్ను అంతగా అక్కర్లేదు అంటే షావోమీ ప్యాడ్ 7 స్క్రీన్ దీనికంటే బాగుంటుంది. 11.2 అంగుళాలు, 3200 × 2136, వచ్చినప్పటి ధర 27,999. దానికి కార్డు స్లాటు లేదు, పెన్ను విడిగా 5,999. 5జీ ట్యాబ్‌కు అదనంగా ఐదు వేలు పెట్టొద్దు. ఇంట్లో వైఫై ఉంటుంది, బ్రాడీపేట రీడింగ్ రూముకు వెళ్లిన రోజు ఫోన్ హాట్‌స్పాట్ చాలు. లెక్చర్లు రాత్రే డౌన్‌లోడ్ చేసుకుంటే అది కూడా అక్కర్లేదు.

కొనే ముందు అమ్మాయిని షాపుకు తీసుకెళ్లండి. గుంటూరులో లక్ష్మీపురం, అరండల్‌పేట వైపు షాపుల్లో డెమో పీస్ లేకపోతే విజయవాడలో బీసెంట్ రోడ్డు, ఎంజీ రోడ్డు షోరూముల్లో ఉంటుంది, ఒక పూట పని. తన ఫోన్‌లోని నోట్సు పీడీఎఫ్ ఒకటి డెమో ట్యాబ్‌కు పంపి, బల్ల మీద పుస్తకం పెట్టుకునే దూరంలో చదవమనండి. పెన్నుతో చేయి ఆనించి రెండు లైన్లు అంకెలు వేగంగా రాయమనండి. తర్వాత స్కేలు పెట్టి ఏటవాలు గీత ఒకటి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా గీయాలి. నాసిరకం పెన్ను, స్క్రీన్ జోడీలో ఆ గీత పాములా మెలికలు తిరుగుతుంది. వేగంగా గీస్తే ఆ లోపం బయటపడదు, షాపువాళ్లు వేగంగానే గీసి చూపిస్తారు. వీలైతే లెక్చర్ యాప్ డెమో వేసి, సగం స్క్రీన్‌లో వీడియో, సగంలో నోట్సు పెట్టి చూడండి. కొన్ని ప్లేయర్లు స్క్రీన్ చీల్చనివ్వవు. అలాంటప్పుడు ఎంత పెద్ద స్క్రీన్ ఉన్నా ఒకసారి ఒకటే.

ఆన్‌లైన్ ధర చూపించి షాపులో అడగండి. అదే ధరకు ఇవ్వకపోయినా కవరు, గ్లాసు కలిపి ఇస్తే ఐదారు వందల తేడాకు షాపే మేలు. డబ్బా మీద తయారైన నెల చూడండి. ఏడాది పైగా మూలన పడి ఉన్న సరుకైతే బ్యాటరీ ఖాళీగా ఉండి దెబ్బతిని ఉండవచ్చు, వేరే పీస్ అడగండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవాలి, చేతిచీటీ వద్దు. ఆన్‌లైన్ అయితే ఓపెన్ బాక్స్ డెలివరీ (తెచ్చినతని ముందే డబ్బా తెరిచి చూసుకునే పద్ధతి) పెట్టి, పార్సిల్ విప్పడం మొదటి నుంచీ వీడియో తీయండి. తేడా వస్తే అమ్మినవాళ్లు వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

సెకండ్ హ్యాండ్‌లో చవకగా ఉందని ఎవరైనా చూపిస్తే, కోచింగ్ సంస్థలో స్కూలో ఇచ్చిన ట్యాబ్ కాదని ఖాయం చేసుకోండి. వాటిలో సంస్థ తాళం ఉంటుంది, మొత్తం చెరిపేసి మళ్లీ ఆన్ చేసినా ఇంటర్నెట్ తగలగానే తిరిగి వచ్చి కూర్చుంటుంది. పాత యజమాని గూగుల్ లేదా యాపిల్ అకౌంట్ మీ కళ్ల ముందే తీసేయాలి. మీ బడ్జెట్‌కు ఆ రిస్కు అవసరం లేదు.

ఇంటికి వచ్చిన మొదటి వారమే ముగ్గురి లెక్చర్ యాప్‌లూ ఎక్కించి, ఒక్కో క్లాసు పూర్తిగా ఆడించి చూడండి. మార్చుకునే గడువు ఆన్‌లైన్‌లో సాధారణంగా ఏడు రోజులే. యాప్ తెరుచుకోకుండా మూసుకుపోతుంటే ట్యాబ్ పాడైందని కంగారుపడొద్దు. డెవలపర్ ఆప్షన్లలో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్‌లో ఉన్నా, స్క్రీన్ రికార్డర్ యాప్ ఏదైనా ఉన్నా చాలా ప్లేయర్లు మొండికేస్తాయి. తమ్ముళ్లూ అన్నయ్యలూ సెట్టింగులు కెలికిన ఇళ్లలో ఇది మామూలే.

శాంసంగ్‌కు చార్జర్ కొనేటప్పుడు 25 వాట్లు, పీపీఎస్ అని రాసి ఉన్నదే తీసుకోండి. పీపీఎస్ లేని చార్జర్ మీద ఎన్ని వాట్లని రాసి ఉన్నా నెమ్మదిగా ఎక్కుతుంది. బ్యాటరీ సెట్టింగుల్లో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే ఏర్పాటు ఉంది, బల్ల మీదే ఎక్కువగా వాడే ట్యాబ్‌కు అది ఆన్ చేయండి. కాగితంలా గరుకుగా ఉండే స్క్రీన్ ఫిల్మ్ అమ్ముతారు. రాయడానికి హాయిగా ఉన్నా పెన్ను మొన త్వరగా అరుగుతుంది, అక్షరం మసకబారుతుంది. మీ అమ్మాయి ఎక్కువగా చదివేదే కాబట్టి మామూలు గ్లాసు వేయించండి.

మే నెలలో జాగ్రత్త మరికొంచెం. ఇలాంటి పరికరాలను 35 డిగ్రీల లోపు వాడమని యాపిల్ తన ఐప్యాడ్లకు రాసి ఇస్తుంది, మన దగ్గర రోహిణి కార్తెలో ఆ అంకె మధ్యాహ్నం కాకముందే దాటుతుంది. మధ్యాహ్నం ట్యాబ్‌ను స్కూటీ డిక్కీలో వదిలేయడం, మందపాటి కవరుతో చార్జింగ్ పెట్టి అదే సమయంలో లెక్చర్ చూడడం, ఈ రెండూ బ్యాటరీని తొందరగా ముసలిదాన్ని చేస్తాయి. వేడెక్కితే చార్జింగ్ దానంతట అదే ఆగిపోతుంది. చార్జర్ పాడైందని కొత్తది కొనకుండా, కవరు తీసి ఫ్యాను కింద పావుగంట పెట్టి చూడండి.

సీఏ ఇంటర్ రిజిస్ట్రేషన్ మాత్రం ఈ నెలాఖరు దాటనివ్వకండి. పరీక్షకు ముందు ఎనిమిది నెలల స్టడీ పీరియడ్ అన్న నిబంధన ఉంది. ట్యాబ్ నాలుగు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు, అది ఆలస్యమైతే సెప్టెంబరు అటెంప్టే పోతుంది.